మీకు అన్నీ చెప్పారు కదా?

పెళ్ళయిన రెండు నెలలకు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట, ఒక ఫారం ముందు మా ఆవిడ పెన్ను ఆపేసింది.

తిరుపతిలో అక్టోబరు నెల ఎండ. జిరాక్స్ షాపు వాడి బల్ల మీద కాగితాలు పరుచుకుని నింపుతున్నాం. నాకు ఆన్‌సైట్ ఛాన్స్ వచ్చేలా ఉంది. వీసాకు మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్సులో తన పేరు చేర్చాలన్నా అదే అడుగుతున్నారు. పెళ్ళి కార్డు, తాళి కట్టే ఫోటో, ఆధార్ జిరాక్సులు, టెన్త్ సర్టిఫికెట్లు అన్నీ ఫైల్లో పెట్టుకుని వచ్చా. సాక్షి సంతకాలకు వచ్చిన ఫ్రెండ్స్ పక్కన టీ కొట్టు దగ్గర ఉన్నారు.

ఫారంలో ఒక గడి ఉంది. పెళ్ళి నాటికి వరుడి స్థితి, వధువు స్థితి. నా గడిలో 'అవివాహితుడు' అని రాసి పెన్ను తనకిచ్చా.

"ఇక్కడ విడాకులు అని రాస్తే చాలా, తేదీ కూడా వెయ్యాలా?" అంది.

నేను నవ్వా. జోక్ అనుకున్నా.

తను నవ్వలేదు. హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న నాలుగు కాగితాలు బయటికి తీసింది. "డిక్రీ కాపీ తెచ్చా. జత చెయ్యాలంట కదా" అంది.

"ఏం డిక్రీ?"

ఆ రెండు మాటలకు తన ముఖంలో వచ్చిన మార్పు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తప్పు చేసి దొరికిపోయిన మనిషి ముఖం కాదది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేనప్పుడు ఎట్లా ఉంటుందో, అట్లా ఉంది.

"మీకు తెలీదా?" అంది.

ఫ్రెండ్స్‌కు సర్వర్ పనిచెయ్యట్లేదని అబద్ధం చెప్పి పంపేశా. స్కూటర్ మీద ఇంటికి బయల్దేరాం. రోజూ నా భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చునే మనిషి, ఆ రోజు వెనక ఉన్న ఇనప కడ్డీ పట్టుకుని కూర్చుంది.

దారి పొడుగునా నా బుర్రలో తిరిగింది ఒకటే. 2021లో మా తిరుపతిలోనే ఒక 'నిత్య పెళ్ళికూతురు' కేసు వార్తల్లో మార్మోగింది. భార్యకు అంతకుముందే పెళ్ళయిందని తెలిసి ఒక భర్త పోలీసుల దగ్గరికి పోయాడు. అప్పట్లో మేమంతా ఆ వార్త వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుకుని, మీమ్స్ చేసుకుని నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వులపాలయ్యేది నేనేనా అనుకున్నా. సిగ్గుగా ఉన్నా చెప్తున్నా, మొదట గుర్తొచ్చింది తను కాదు, నా పరువు.

ఇంటికొచ్చాక తను మొత్తం చెప్పింది. ఏడవలేదు. టీచర్‌కు పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది.

2020 జూన్‌లో తనకు పెళ్ళయింది. కరోనా రోజులు. పెళ్ళికి 50 మందికి మించి రాకూడదన్న రూల్. మాస్కులు పెట్టుకుని ఇంటి ముందు చిన్న పందిట్లో చేసేశారు. అప్పుడు తనకు 22 ఏళ్ళు. ఆ అబ్బాయికి అప్పటికే వేరే అమ్మాయి ఉంది. ఇంట్లో చెప్పే ధైర్యం లేక ఈ పెళ్ళి చేసుకున్నాడు. మూడో నెలలో ఆ సంగతి ఈమెకు చెప్పాడు. ఐదో నెలలో ఈమె పుట్టింటికి వచ్చేసింది.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలన్నా, హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ప్రకారం ముందు ఏడాది పాటు విడిగా ఉండాలి. ఆ తర్వాతే కోర్టుకు పోవాలి. పోయాక మామూలుగా ఇంకో 6 నెలలు ఆగాలి. అన్ని కేసుల్లో ఆ ఆర్నెల్లు తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది గానీ, ఈమె కేసులో ఆగమన్నారు. ఐదు నెలల కాపురం కాగితాల మీద ముగియడానికి రెండేళ్ళు దాటింది. 2022 చివర్లో డిక్రీ వచ్చింది. పెళ్ళికి వచ్చిందే 50 మంది కాబట్టి, విడాకుల సంగతి తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నా. గొంతు పెంచే అడిగా.

"నాన్న మీ మామకు చెప్పాడు. మీ మామ మీ ఇంట్లో అందరికీ చెప్పేశానని, వాళ్ళకేమీ ఇబ్బంది లేదని, ఇంక ఆ మాట ఎత్తి వాళ్ళ మనసు నొప్పించొద్దని చెప్పాడంట. అయినా నా మనసు ఆగక, తిరుచానూరులో మిమ్మల్ని అడిగా కదా" అంది.

తిరుచానూరు.

2024 జూన్‌లో మా పెళ్ళిచూపులు అక్కడే. మా వైపు చాలా కుటుంబాలు ఇప్పుడు ఇంటికి రాకుండా ఇట్లా గుడి దగ్గర కలుస్తాయి. ఒకవేళ కుదరకపోతే అమ్మవారి దర్శనం చేసుకుని వచ్చామనుకుంటారు. పెద్దవాళ్ళు మమ్మల్ని పద్మ సరోవరం గట్టు మీద పావుగంట వదిలారు. ఆ పావుగంటలో తను నన్ను మూడు ప్రశ్నలు అడిగింది.

మొదటిది: "మీకు అన్నీ చెప్పారు కదా?"

"ఆ, మామ చెప్పాడు" అన్నా. ఉద్యోగం, జీతం, జాతకం, చెల్లెలి చదువు. అన్నీ అంటే నాకు అవే.

రెండోది: "మీకు ఇబ్బంది లేదు కదా?"

"నాకేం ఇబ్బంది!" అన్నా, హీరో లెవెల్లో. తన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గేమో అనుకున్నా.

మూడో ప్రశ్న సంగతి తర్వాత చెప్తా.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక జబ్బు ఉంది. మెసేజ్ పంపినవాడికి 'డెలివర్డ్' అని కనిపిస్తుంది. అందాల్సినవాడికి అందదు. మధ్యలో ఎక్కడో ఒక సర్వర్ దాన్ని మింగేసి, అందిందని అబద్ధం చెప్తుంది. పంపినవాడు నిశ్చింతగా ఉంటాడు. అందాల్సినవాడికి అసలు మెసేజ్ ఉందనే తెలీదు. రోజంతా ఇట్లాంటివి వెతికి పట్టుకునే నేను, నా పెళ్ళిలో పట్టుకోలేకపోయా.

ఇంకో మాట చెప్పింది, అది ఎక్కువ గుచ్చుకుంది. పెళ్ళైన కొత్తల్లో ఒక ఆదివారం టీవీలో 'మజిలీ' వస్తుంటే చూశాం. నాగచైతన్య పాత ప్రేమను మర్చిపోలేక బాధపడుతుంటే, "అయిపోయింది అయిపోయినట్టు వదిలెయ్యాలి గానీ, తవ్వుకుంటా కూర్చుంటే ఎట్లా" అన్నా. ఊరికే అన్న మాట. తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సినిమా నచ్చిందేమో అనుకున్నా. తన గురించే ఆ మాట అన్నానని తను అనుకుందంట. రెండు నెలలుగా ఒక్కసారి కూడా పాత సంగతి ఎత్తకుండా ఎంత మర్యాదగా చూసుకుంటున్నాడో అని మనసులో దండం పెట్టుకుందంట. నేను చెయ్యని మంచికి నాకు దండం.

తర్వాతి రోజుల్లో నేను మంచిగా లేను. హాల్లో పడుకున్నా. ఆ అబ్బాయి ఫేస్‌బుక్ వెతికా. "ఈ డిక్రీ ఒరిజినలేనా?" అని అడిగా. తను ఏమీ అనకుండా ఆ కాగితాలు తెచ్చి టీవీ పక్కన పెట్టింది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోమన్నట్టు. మూడు రోజులు అవి అక్కడే ఉన్నాయి. నాలుగో రోజు ఆఫీసు పనని చెప్పి బెంగళూరు పారిపోయా.

అక్కడ రాత్రుళ్ళు చట్టం చదవడం మొదలుపెట్టా. చిత్తూరు కోర్టులో ప్రాక్టీస్ చేసే మా ఊరి ఫ్రెండ్‌కు ఫోన్ చేశా. వాడు చెప్పింది నా మాటల్లో చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది.

1955 నాటి హిందూ వివాహ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. అవతలి మనిషికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం చేసి పెళ్ళికి ఒప్పించి ఉంటే, ఆ పెళ్ళిని రద్దు చెయ్యమని కోర్టును అడగొచ్చు. ముందు పెళ్ళిని, విడాకులను దాచడం అట్లాంటి ముఖ్యమైన విషయమేనని కోర్టులు అన్న సందర్భాలు ఉన్నాయి. అయితే రెండు షరతులు. మోసం బయటపడిన ఏడాది లోపే కోర్టుకు రావాలి. తెలిసిన తర్వాత ఇష్టపూర్వకంగా భార్యాభర్తలుగా కలిసి బతికితే ఆ దారి మూసుకుపోతుంది. ఇంకోటి, ఆమెకు విడాకుల డిక్రీ వచ్చి, అప్పీలు గడువు అయిపోయాకే మా పెళ్ళి జరిగింది. కాబట్టి మా పెళ్ళి దానంతట అదే చెల్లకుండా పోదు. రద్దు కావాలంటే నేను అడగాలి.

"చెప్పు, కేసు వేద్దామా?" అన్నాడు వాడు. నేను మాట్లాడలేదు.

"ఒక్కటి అడుగుతా. కోర్టులో కూడా ఇదే అడుగుతారు. మోసం జరిగింది సరే. చేసిందెవరు? ఆ పిల్ల నీకు అబద్ధం చెప్పిందా?"

తిరుచానూరు గట్టు గుర్తొచ్చింది. మీకు అన్నీ చెప్పారు కదా. అడిగింది కదా. ఆ, చెప్పారు అన్నది నేనే కదా.

మరుసటి శనివారం మామకు ఫోన్ చేశా. "కాణిపాకం రా మామా. దేవుడి ముందర మాట్లాడుకుందాం" అన్నా.

చిత్తూరు వాళ్ళకు ఈ మాట అర్థం వేరే చెప్పక్కర్లేదు. బయటి వాళ్ళకు చెప్తా. కాణిపాకం వరసిద్ధి వినాయకుడు మా వైపు సత్యానికి దేవుడు. బావిలో వెలిసిన స్వామి. 11వ శతాబ్దంలో కుళోత్తుంగ చోళుడు గుడి కట్టించాడంటారు. అన్నదమ్ముల ఆస్తి తగాదా అయినా, అప్పు ఇచ్చాడా లేదా అన్న గొడవ అయినా, కోనేట్లో మునిగి స్వామి ముందు ప్రమాణం చేస్తే అక్కడితో తేలిపోవాలి. అబద్ధపు ప్రమాణం చేస్తే ఆయన ఊరుకోడని నమ్మకం. రాజకీయ నాయకులు కూడా ఒకరినొకరు "కాణిపాకం వస్తావా?" అని సవాలు చేసుకుంటుంటారు. నేనూ మా మామను ఆ లెక్కలోనే పిలిచా.

చిత్తూరు రోడ్డు మీద చంద్రగిరి, పూతలపట్టు దాటి పోయేసరికి మామ గుడి బయట చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. కోనేరు వైపు చూడలేదు. నేను నోరు తెరవకముందే ఆయనే మొదలుపెట్టాడు.

"ప్రమాణం ఎందుకు అబ్బయ్యా, ఒప్పుకుంటా ఉండా కదా. నేను చెప్పలా."

"ఎందుకు చెప్పలేదు మామా?"

"వాళ్ళ నాయన మూడిండ్లల్లో నిజం చెప్పినాడు. ఒకరు కాఫీ కూడా తాగకుండా లేచిపోయినారు. ఇంకొకరు ఇచ్చేది రెండింతలు చెయ్యమన్నారు. ఇంకొకరు, పిల్లలో ఏం లోపం ఉంటే మొదటోడు వదిలేసినాడో అని ఊరంతా అడిగినారు. నాలుగో ఇల్లు మీది. ఆ పిల్లను చిన్నప్పటి నుంచీ చూస్తా ఉండా. బంగారం. చెప్తే మీ అమ్మ ఒప్పుకోదు. అందుకని నోరు మూసుకున్నా."

"నాకన్నా చెప్పుండొచ్చు కదా."

"నీకు చెప్తే నువ్వు మీ అమ్మకు చెప్పవా?"

"చెప్పాలో వద్దో నేను చూసుకునేవాణ్ణి. అది నా పని. నీ పని కాదు కదా మామా."

ఆయన తల వంచుకున్నాడు. పెద్ద మనిషి, నన్ను ఎత్తుకుని తిప్పినవాడు. తిట్టడానికి చాలా మాటలు సిద్ధం చేసుకుని పోయా. ఒక్కటీ బయటికి రాలేదు.

ఆయన పోయాక బాహుదా నది వైపు నడిచా. ఇసుకే ఎక్కువ, నీళ్ళు తక్కువ. ఆ పేరు వెనక కథ చిన్నప్పుడు అవ్వ చెప్పేది. శంఖుడు, లిఖితుడు అని అన్నదమ్ములు. కాణిపాకం యాత్రకు నడిచి వస్తా ఉంటే తమ్ముడికి ఆకలేసింది. రాజుగారి తోపులో ఒక మామిడిపండు కోసుకు తిన్నాడు. అడగకుండా తినడం తప్పు, పోయి రాజుకు చెప్పుకో అన్నాడు అన్న. తమ్ముడు పోయి తనంతట తానే చెప్పుకున్నాడు. రాజు వాడి రెండు చేతులూ నరికించాడు. తర్వాత ఈ ఏట్లో మునిగితే చేతులు తిరిగొచ్చాయి. బాహువులు ఇచ్చింది కాబట్టి బాహుదా.

మామిడితోటలున్న జిల్లా కదా, చిన్నప్పుడు ఈ కథకు నేను తీసుకున్న నీతి ఒకటే, పక్కోడి చెట్టు మీద చెయ్యి వెయ్యకూడదు. ఆ రోజు వేరేగా అర్థమైంది. ఆ పిల్లోడు చెప్పకపోయుంటే ఎవరికీ తెలిసేది కాదు. నిజం చెప్పినందుకే చేతులు పోయాయి. మా మామ చెప్పిన మూడిండ్లూ ఆ రాజు పనే చేశాయి. పైగా ఇక్కడ ఈ అమ్మాయి పండు కూడా కొయ్యలేదు.

మరి నేను? ఏటి గట్టున నన్ను నేనే అడిగి చూసుకున్నా. జూన్‌లోనే మామ నిజం చెప్పుంటే తిరుచానూరు పోయేవాణ్ణా? దేవుడి ముందర అబద్ధం ఆడలేను కాబట్టి చెప్తున్నా. పోయేవాణ్ణి కాదు. ఫోటో కూడా చూసేవాణ్ణి కాదు. నాలుగో ఇల్లు కూడా లేచిపోయేదే.

అయినా దాచడం సరే అని నేను అనడం లేదు. కాదనే హక్కు నాది. తప్పుగా వాడుకున్నా సరే, అది నాది. మామ దాన్ని నాకు తెలీకుండా తీసేసుకున్నాడు. ఆమె నుంచి కూడా ఒకటి తీసేసుకున్నాడు, నిజం తెలిసి కూడా నన్ను కావాలనుకున్నాడు అనే నమ్మకాన్ని. రెండు నెలలు ఉత్తుత్తి నమ్మకం మీద బతికింది ఆమె.

ఇప్పుడు మూడో ప్రశ్న.

తిరుచానూరు గట్టు మీద తను చివరగా అడిగింది, "మీకు లోన్లు ఏమైనా ఉన్నాయా?" అని. "హోమ్ లోన్ కూడా లేదు" అని నవ్వా. హోమ్ లోన్ లేని మాట నిజమే. పర్సనల్ లోన్ 6 లక్షలు ఉంది. ఆప్షన్స్ ట్రేడింగ్‌లో పోగొట్టుకున్న డబ్బు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో పదిమందికి తొమ్మిది మంది పైగా నష్టపోయారని 2024లో సెబీ లెక్క తీసి చెప్పింది. ఆ తొమ్మిది మందిలో నేనొకణ్ణి. నెలనెలా ఈఎంఐ కట్ అయ్యే అకౌంట్ వేరేగా పెట్టుకున్నా, తనకు కనపడకుండా.

అంటే మా ఇద్దరిలో, ముఖం చూస్తూ నేరుగా అబద్ధం చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ రాత్రి తిరుపతి ఇంటికి పోయి చెప్పేశా. సినిమాల్లో అయితే ఇక్కడ ఇద్దరూ ఏడ్చి కౌగిలించుకుంటారు. తను కాసేపు నన్నే చూసి, "తెలీకుండా మోసపోవడం నాకిది రెండోసారి" అంది. పొద్దున్నే బ్యాగు సర్దుకుని పలమనేరు పుట్టింటికి పోయింది. ఆపే ముఖం నాకు లేదు. టీవీ పక్కన డిక్రీ కాగితాలు వదిలే పోయింది.

పదకొండు రోజులు. ఫోన్ చేస్తే ఎత్తేది, ముక్తసరిగా మాట్లాడేది. పన్నెండో రోజు తనే ఫోన్ చేసి, "ఆదివారం కొండకు నడిచిపోదామా?" అంది.

అలిపిరి దగ్గర తెల్లారుజామున నాలుగున్నరకు కలిశాం. మొదటి మెట్టు దగ్గరే షరతు పెట్టింది. "అన్నీ అనే మాట వద్దు. ఒక్కొక్కటీ పేరు పెట్టి చెప్పుకుందాం. అడిగినదానికి సగం జవాబు వద్దు."

మొత్తం 3,550 మెట్లు. గాలిగోపురం చేరేలోపు నావి అయిపోయాయి. లోన్, ఎంత వడ్డీ, ఎన్ని నెలలు మిగిలింది, ఇంజనీరింగ్‌లో మూడేళ్ళు నడిచి ఆగిపోయిన ఒక ప్రేమ, మా నాయన తాగుడు మానిన ఏడాది. జింకల పార్కు దగ్గర నుంచి తను మొదలుపెట్టింది. ఆ ఐదు నెలలు. అక్కడి అత్తగారు మంచిదని. ఆమె ఇప్పటికీ పండక్కి మెసేజ్ పెడుతుందని. తను జవాబు ఇస్తుందని. ఆ సంగతి విని నాకు కడుపులో కొంచెం తిప్పింది. దాన్ని కూడా దాచకుండా చెప్పేశా. "సరే" అంది. మోకాలిమెట్టు దగ్గర ఇద్దరికీ ఊపిరి ఆడలేదు, మాటలు ఆగిపోయాయి. పైకి ఎక్కేసరికి మా మధ్య అంతా బాగైపోయిందని చెప్పలేను. చెప్పనిది ఏదైనా ఉందేమో అన్న భయం మాత్రం తగ్గింది.

తర్వాత అమ్మకు చెప్పాలి. మామ చెప్తానన్నాడు. వద్దన్నాం. పాకాల దగ్గర మా ఊరికి ఇద్దరం పోయి, అమ్మానాయనల ముందు కూర్చుని, మేమే చెప్పాం. నాయన లేచి తోటలోకి పోయాడు. అమ్మ చెనక్కాయలు ఒలుస్తా ఉండేది, ఒలుస్తానే ఉంది. రాత్రి అన్నం తినలేదు. మామతో మాట్లాడటం మానేసింది, ఇంకా మాట్లాడట్లేదు. మాతో కూడా రెండు రోజులు అవసరమైన మాటలే. మూడో రోజు పొద్దున్నే మేం బస్సుకు బయల్దేరుతుంటే, అమ్మ తనను వంటింట్లోకి పిలిచింది. నేను వాకిట్లో చెప్పులు వేసుకుంటున్నా, వినపడింది.

"ఆడ నిన్ను కొట్టేవాడా?"

"లేదత్తా."

"అన్నం సరిగ్గా పెట్టేవాళ్ళా?"

"పెట్టేవాళ్ళు అత్తా."

ఇంకేమీ అడగలేదు. ఒక డబ్బాలో ఊరిబిండి పెట్టి ఇచ్చింది. అమ్మ పూర్తిగా ఒప్పుకుందా అంటే, నాకు తెలీదు. బంధువుల పెళ్ళికి పోయినప్పుడు ఎవరైనా అడుగుతారేమోనని ఇప్పటికీ కంగారు పడుతుంది. కానీ మా అమ్మ అడిగిన ఆ రెండు ప్రశ్నలు ఆ మూడిండ్లల్లో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. డిక్రీ ఒరిజినలేనా అని అడిగా.

డిసెంబరులో మళ్ళీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయాం. అదే ఫారం, అదే గడి. తన చేత్తో 'విడాకులు పొందినది' అని రాసి, డిక్రీ కాపీ జత చేసింది. లోపల ఆయన కాగితాలు తిప్పి చూసుకుని, తల కూడా ఎత్తకుండా, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు. అంతే. మూడు కుటుంబాలు లేచిపోయిన సంగతి, మామ దేవుడికి భయపడి దాచిన సంగతి, సర్కారు కాగితంలో ఒక మాట, ఒక జత కాగితం. పదిహేను నిమిషాల పని.

పెళ్ళి చూపులకు సిద్ధమవుతున్న ఫ్రెండ్స్ ఈమధ్య నన్ను సలహా అడుగుతున్నారు. నాకు తోచింది చెప్తున్నా. పావుగంట చాలదు, కనీసం రెండు మూడు సార్లు పెద్దవాళ్ళు లేకుండా కలవండి. ముందు పెళ్ళి, నిశ్చితార్థం దాకా వచ్చి ఆగినవి, అప్పులు, జబ్బులు, రోజూ వేసుకునే మందులు, ఇంటి బాధ్యతలు, ఇవి మధ్యవర్తి నోటి నుంచి కాదు, ఒకరి నుంచి ఒకరు వినండి. "చెప్పారు కదా?" అని అడగొద్దు. "ఏం చెప్పారు?" అని అడగండి. నేను చేసిన పొరపాటు ఆ ఒక్క ప్రశ్న అడగకపోవడమే. మా కొండ మీది స్వామి కథ చూడండి. ఎరుకలసాని వేషం వేసుకునైనా సరే, తన పెళ్ళి మాట చెప్పుకోడానికి నారాయణవనం తానే పోయాడు. మనం మాత్రం మామల్ని పంపుతాం.

ఇంకో మాట. అవతలి మనిషి నిజం చెప్పినప్పుడు, మీకు ఇష్టం లేకపోతే వద్దనండి, తప్పు లేదు. కాఫీ తాగి, మర్యాదగా చెప్పి రండి. వాళ్ళు చెప్పింది ఊరంతా తిప్పొద్దు. వాళ్ళ రేటు పెంచొద్దు. ఎందుకంటే ఆ ఇంట్లో వాళ్ళు తర్వాతి సంబంధానికి నిజం చెప్పాలా వద్దా అనేది, మీరు లేచి వచ్చిన తీరును బట్టే నిర్ణయించుకుంటారు.

నా లోన్ ఇంకా 14 ఈఎంఐలు ఉంది. ఇప్పుడు అది మా ఇద్దరి జాయింట్ అకౌంట్ నుంచే కట్ అవుతోంది. ప్రతి నెలా 5వ తేదీన బ్యాంకు మెసేజ్ ఇద్దరి ఫోన్లకూ వస్తుంది. మొన్న నా ఫోన్ కంటే ముందు తన ఫోన్ మోగింది. "మీ కుబేరుడి కిస్తీ పోయింది" అంది వంటింట్లోంచి.